ఆఖరి నిమిషంలో ఆగిపోయే ప్రోగ్రామ్‌ను నిలబెట్టిన ఇద్దరికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి మా సూచీ తయారుచేసే ప్రోగ్రామ్ మొదటిసారి చివరిదాకా నడిచి, ఫైలు మూసి, సవ్యంగా ముగిసింది. పది రోజులుగా ఒకటే వరస: మూడు గంటలు బాగా పనిచేయడం, చివర్లో "అన్‌డిఫైన్డ్ సింబల్" (అడిగిన పేరుతో ఫంక్షన్ దొరకలేదు) అని ఒక్క వాక్యం రాసి ఆగిపోవడం, చేసిందంతా పోవడం. సాయం చేసిన మీ ఇద్దరికీ మనసారా కృతజ్ఞతలు.

మా ప్రోగ్రామ్ నేను రాసిన మాడ్యూల్‌ను లోడ్ చేసుకుంటుంది; ఆ మాడ్యూల్ సూచీ ఫంక్షన్లున్న ఒక లైబ్రరీని వాడుకుంటుంది. తప్పు డేటాలో ఉందనుకుని నేను అక్కడే వెతుకుతూ కూర్చున్నాను. "ఆగుతున్నది లైబ్రరీని లోడ్ చేసేటప్పుడా, ఫంక్షన్‌ను పిలిచేటప్పుడా?" అని మీలో ఒకరు అడిగాకే దారి కనబడింది. ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీని లోడ్ చేసే డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్‌కు నేను ఆర్‌టీఎల్‌డీ_లేజీ అనే ఎంపిక ఇచ్చాను. అలా ఇస్తే డైనమిక్ లింకర్ (నడిచేటప్పుడు ఫంక్షన్ల పేర్లను వాటి కోడ్‌తో కలిపేది) ఫంక్షన్లను ముందుగా వెతకదు. దేన్ని మొదటిసారి పిలిస్తే దాన్ని అప్పుడు వెతుకుతుంది. నాకు దొరకనిదేమో సూచీని మూసే ఫంక్షన్. పనంతా అయ్యాక గానీ దాని వంతు రాదు! మీరు చెప్పినట్టు అన్నిటినీ ముందే వెతకమని చెప్పే ఎల్‌డీ_బైండ్_నౌ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువను 1 చేసి నడపగానే, ఆ తప్పు డీఎల్‌ఓపెన్ దగ్గరే బయటపడింది. తప్పును చూసి అంత సంతోషించడం నాకు అదే మొదలు.

ఇక పేరు చిక్కు. సూచీని మూసే ఆ ఫంక్షన్ పేరు క్లోజ్_ఇండెక్స్. లైబ్రరీలో అది ఉంది, అయినా లేదంటోంది. లైబ్రరీ, మాడ్యూల్ రెండు ఫైళ్ల మీదా, వాటిలోని ఫంక్షన్ల పేర్లు చూపే 'ఎన్‌ఎమ్ -డీ' ఆదేశం నడిపి పక్కపక్కన పెట్టి చూడమన్నారు రెండోవారు. లైబ్రరీలో టీ అక్షరం (ఇందులోనే ఉందని గుర్తు) పక్కన ఉత్త క్లోజ్_ఇండెక్స్. నా మాడ్యూల్‌లో యూ అక్షరం (బయటి నుంచి కావాలని గుర్తు) పక్కన అదే పేరు, కానీ ముందు '_జెడ్11', వెనక 'వీ'. లైబ్రరీ సీ భాషది, నా మాడ్యూల్ సీ ప్లస్ ప్లస్‌ది; లైబ్రరీ ఫంక్షన్లను ప్రకటించే హెడర్ ఫైలులో, పేరును సీ పద్ధతిలోనే ఉంచమని చెప్పే ఎక్స్‌టర్న్ "సీ" లేదు. అందుకే సీ ప్లస్ ప్లస్ కంపైలర్ పేరును మార్చేసింది. ఆ 11 అడుగు గీతతో కలిపి ఇంగ్లీషు పేరులోని అక్షరాల లెక్క అనీ, 'వీ' అంటే పారామీటర్లు లేవనీ ఎంతో ఓపికగా విడమరిచి చెప్పారు.

నా మాడ్యూల్ లాంటి షేర్డ్ లైబ్రరీని తయారుచేసేటప్పుడు సింబల్ దొరకకపోయినా, ఫైళ్లను కలిపి దాన్ని తయారుచేసే లింకర్ మామూలుగా ఊరుకుంటుందని నాకు తెలియదు. దానికి '-జెడ్ డెఫ్స్' అనే ఎంపిక ఇస్తే అక్కడే తప్పు చూపుతుంది. ప్రధాన ప్రోగ్రామ్ నుంచి ఫంక్షన్లు తీసుకునే ప్లగిన్లకు అది నప్పదని కూడా మీరు ముందే హెచ్చరించారు. నా మాడ్యూల్ అలాంటిది కాదు కాబట్టి నిన్ననే చేర్చాను. ఎక్స్‌టర్న్ "సీ" చేర్చి సరిచేసిన హెడర్‌ను లైబ్రరీ నిర్వాహకులకు కూడా పంపాను.