తూకానికి వేసే ముందు ఒకసారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో ఒక పాఠశాల పాత గదులను పడగొడుతున్నప్పుడు, విరిగిన బెంచీల ఇనుముతో పాటు పాత సామాను కొట్టుకు చేరిన ఒక కంప్యూటర్‌ను ఈ వేసవిలో కిలోల లెక్కన కొని ఇంటికి తెచ్చుకున్నాను. ఎర్రని ఫంక్షన్ కీల వరుసను చూడగానే అది బీబీసీ మైక్రో అని గుర్తుపట్టాను. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రారంభించినప్పుడు ఎంచుకున్న యంత్రం అదే. మా తరం ఉపాధ్యాయుల్లో చాలామంది మొదటిసారి వేలు పెట్టిన కీబోర్డు కూడా అదే.

ఇటువంటి యంత్రం దొరికిన వెంటనే కరెంటు ఇచ్చి చూడడం పెద్ద పొరపాటు. దాని పవర్ సప్లైలో ఉండే కాగితపు ఫిల్టర్ కెపాసిటర్ల (కరెంటులోని అలజడిని వడకట్టే చిన్న భాగాల) పైతొడుగు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిచ్చి, తేమను లోపలికి రానిస్తుంది. అటువంటి వాటికి కరెంటు తగిలితే పొగలు కక్కుతూ పేలిపోతాయి. అందుకే ముందుగా వాటిని మార్చి, బోర్డుకు కలపకుండా చిన్న బల్బును లోడుగా పెట్టి, 5 వోల్టులు నిలకడగా వస్తున్నాయని మీటరుతో రూఢి చేసుకున్నాను. అయినా మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెరమీద ఏమీ రాలేదు, ఆగని కూత మాత్రం వినిపించింది. తుప్పు పట్టిన చిప్‌ల కాళ్లను శుభ్రం చేసి తిరిగి సాకెట్లలో కూర్చోబెట్టాక కూత ఆగింది గాని, తెర నిండా పిచ్చి గుర్తులు కనిపించాయి. ఈ యంత్రంలోని 32 కిలోబైట్ల మెమొరీ 16 చిప్‌లలో ఉంటుంది. వాటిలో ఒకటి మిగతావాటి కంటే వేడెక్కుతున్నట్టు వేలికి తెలిసింది. మరొక చచ్చిపోయిన బోర్డు నుంచి తీసిన చిప్‌ను దాని స్థానంలో టంకం వేసిన రాత్రి, 'బీబీసీ కంప్యూటర్ 32కె' అన్న అక్షరాలు తెరమీద నిలిచాయి. నా కళ్లు చెమర్చాయని చెప్పడానికి సంకోచించను.

నేటి ఫోనును విప్పి ఏ భాగం ఏ పని చేస్తుందో పిల్లలకు చూపడం దాదాపు అసాధ్యం. ఈ బోర్డు మీద మాత్రం ప్రాసెసర్ ఇది, మెమొరీ ఇది అని వేలు పెట్టి చూపవచ్చు. పైగా దీని రూపకల్పనలో పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లే తరువాత దీన్ని తయారుచేసిన ఏకార్న్ సంస్థలోనే ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించారు. 1985లో మొదటిసారి పనిచేసిన ఆ ప్రాసెసర్ సంతతే నేడు మన చేతుల్లోని ఫోన్లను నడుపుతోంది.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నాదొక విన్నపం. పాఠశాలలు, కళాశాలలు పాత కంప్యూటర్లను వేలం వేసే ముందు వాటి జాబితాను సమీపంలోని పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విభాగానికి పంపాలని ఆదేశించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ చేసేవారితో పాటు, బాగుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చేవారినీ గుర్తించాయి కనుక, ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. పనికిరాదని తేలినదాన్ని నిబంధనల ప్రకారం రీసైక్లింగ్‌కే పంపవచ్చు. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లను మాత్రం అనుభవజ్ఞులే విప్పాలి. స్విచ్ తీసేశాక కూడా వాటిలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

నేను వెళ్లేసరికే ఆ యంత్రంతో వచ్చిన పుస్తకాలు, ఫ్లాపీలు కాగితాల కట్టలతో కలిసి వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ఇళ్లలో, అటకల మీద అటువంటివి ఇంకా ఉంటే, దయచేసి పారవేయకుండా దగ్గరి కళాశాల గ్రంథాలయానికి అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు
గుంటూరు