బాలింతలకు కార్టిసాల్ పరీక్ష ఏదీ?

సంపాదకులకు,

ఆసుపత్రిలో ప్రసవమై ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వస్తుంది. బిడ్డ బరువు, బొడ్డు, ఒళ్లు వేడి చూస్తుంది. తల్లి మీద అంత ధ్యాస ఉండదు. ఆమెను కూడా కొన్ని మాటలు అడగాలని నా మనవి. పాలు పడుతున్నాయా? తలనొప్పి వదలడం లేదా? పక్కలకు చూపు ఆనడం లేదా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? మా చెల్లెలికి ఇవన్నీ ఉన్నా ఎవరూ కలిపి చూడలేదు.

పాలు పడకపోతే పత్యం సరిగా చేయలేదన్నారు (మనవాళ్లు అన్నిటికీ చెప్పే మాటే). నీరసానికి ఐరన్ మాత్రలు, సెలైన్. థైరాయిడ్ పరీక్షంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) ఒక్కటే రాశారు, నార్మల్ వచ్చింది. తప్పు థైరాయిడ్‌లో కాక మెదడు అడుగున ఉండి దాన్ని నడిపించే పిట్యూటరీ గ్రంథిలో ఉంటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్‌ను కొలిచే ఫ్రీ టీ4 కూడా చూడాలి. వాంతులై, సోడియం పడిపోయి, బీపీ అందని స్థితిలో ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు కార్టిసాల్ పరీక్ష చేయించారు. బీపీ పడిపోకుండా నిలబెట్టే హార్మోన్ అది, దాన్ని తయారుచేయించేదీ పిట్యూటరీయే. ఎమ్మారైలో పిట్యూటరీ ఉబ్బి కనిపించింది.

లింఫోసైటిక్ హైపోఫిసైటిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆ గ్రంథి మీద పడతాయి. గర్భం చివరి నెలల్లోనో, ప్రసవం తర్వాతో ఎక్కువగా వస్తుంది. 1962లో దీన్ని మొదట వర్ణించింది కూడా కాన్పయిన ఏడాది తర్వాత అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుని చనిపోయిన 22 ఏళ్ల యువతి కేసులోనే. స్కానులో ఇది కణితిలా కనిపిస్తుంది కనుక తొందరపడి ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. చూపు దెబ్బతింటుంటే అది వేరే మాట. లేకుంటే చాలామందికి తగ్గిన హార్మోన్లు మందులతో ఇస్తూ, అవసరమైతే స్టిరాయిడ్లు వాడుతూ కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కార్టిసాల్ తక్కువున్న మనిషికి ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కు బదులిచ్చే మందు) మొదలుపెట్టాకే థైరాక్సిన్ (థైరాయిడ్ మందు) ఇవ్వాలి. వరస తిరగబడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంత అరుదైన జబ్బుకి అందరికీ పరీక్షలా అంటారేమో. అందరికీ అక్కర్లేదు, పై లక్షణాలున్నవాళ్లకు చాలు. పైగా కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లకు వచ్చే షీహాన్ సిండ్రోమ్‌ను (రక్తం అందక పిట్యూటరీ దెబ్బతినడం) కూడా ఇదే కార్టిసాల్ పరీక్ష పట్టిస్తుంది. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కాస్త రక్తం తీస్తే అయిపోయే పని ఇది. ఏరియా ఆసుపత్రుల్లోనే ఈ పరీక్ష, ఫ్రీ టీ4 రెండూ జరగాలి.

హైడ్రోకార్టిసోన్ మాత్రలు మా ఊరి మందుల షాపుల్లో దొరకవు, విజయవాడ నుంచి తెప్పించుకుంటున్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంచితే ఈ టెన్షన్ ఉండదు. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు డోసు పెంచాలి, వాంతులైతే ఇంజెక్షనే వేయాలి. ఆస్తమాకి, అలర్జీకి వాడే ఇంజెక్షనే కాబట్టి ఆసుపత్రుల్లో ఉంటుంది. కానీ రాత్రిపూట కొత్త డాక్టరుకి మా మాట మీద నమ్మకం కుదరడానికే గంట పడుతుంది. ‘ఈమెకు వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు వేయండి’ అని రాసిన కార్డును వైద్యారోగ్య శాఖే ముద్రించి ఇలాంటి రోగుల చేతికివ్వాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి