ప్రోటీన్ స్కిమ్మర్ కొనబోయే మా ఖాతాదారులకు

బరంపురంలోని మా అక్వేరియం షాపులో ఈ దసరా తర్వాత నుంచి ప్రోటీన్ స్కిమ్మర్‌ను (ఉప్పునీటి ట్యాంకులో నురగ పుట్టించి, దాంతో మురికిని పైనున్న కప్పులోకి లాగే యంత్రం) అడిగిన వెంటనే పెట్టె తీసి ఇవ్వడం మానేస్తున్నాము. ట్యాంకులో ఉన్న నీరు ఎంత, సంప్‌లో (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టెలో) నీటి లోతు ఎంత, చేపలు ఎన్ని, రోజుకు వేసే మేత ఎంత అన్నది తెలుసుకున్న తర్వాతే ఏ మోడల్ సరిపోతుందో చెబుతాము. అసలు స్కిమ్మరే అక్కర్లేదనిపిస్తే ఆ మాటే చెబుతాము. పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం వైపు నుంచి ఫోన్లో ఆర్డరు ఇచ్చేవారికి ఇది కొంత ఇబ్బందిగా తోచవచ్చు. పెట్టె మీద 1000 లీటర్ల వరకు పనికివస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఉండగా ఇన్ని ఆరాలు ఎందుకని ఇప్పటికే కొందరు అడిగారు. వారికి ఇవ్వవలసిన జవాబు కాస్త పెద్దది కనుక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

గాలి బాగా వీచే రోజున గోపాల్‌పూర్ ఒడ్డున అలలు వదిలి వెళ్లే నురగ ఎలా పుడుతుందో స్కిమ్మర్ గొట్టంలోనూ నురగ అలాగే పుడుతుంది. చేపల విసర్జనలోను, తినకుండా మిగిలిన మేతలోను, నాచు విడిచే జిగురులోను ఉండే అనేక అణువులకు ఒక కొస నీటిని అంటిపెట్టుకుని ఉండాలని చూస్తుంది, రెండో కొస నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. గాలి బుడగ దొరికితే ఆ రెండో కొస బుడగలోని గాలి వైపు తిరిగి అక్కడే అతుక్కుంటుంది. బుడగలు ఎంత సన్నగా ఉంటే అతుక్కోవడానికి అంత చోటు దొరుకుతుంది కనుకనే పంపులో మామూలు రెక్కల చక్రానికి బదులు సూదులు పొదిగిన చక్రం పెట్టి గాలిని చిదుపుతారు. మంచినీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్దవై పైకి తేలిపోతాయి. ఉప్పునీటిలో అలా తొందరగా కలవవు. గోల్డ్‌ఫిష్ ట్యాంకుకు స్కిమ్మర్ కావాలని వచ్చేవారిని మేము వెనక్కి పంపేది ఇందువల్లే.

ఈ యంత్రం అమ్మోనియాను గాని, నైట్రేటును గాని, నీటిలో కరిగిన ఫాస్ఫేటును గాని నేరుగా తీయదు. అవి తయారు కావడానికి మూలమైన పదార్థాన్ని, అది కుళ్లకముందే, కొంతవరకు బయటికి లాగుతుంది. ఆ కొంత ఎంత అన్నదానికి ఒక లెక్క ఉంది. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన కెన్ ఫెల్డ్‌మన్, ఆయన సహచరులు వేర్వేరు స్కిమ్మర్లను పరీక్షించినప్పుడు, నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో సుమారు మూడో వంతుకు మించి అవి తీయలేకపోయాయి. మిగిలినదాని సంగతి యాక్టివేటెడ్ కార్బన్, నీటి మార్పిడి, ట్యాంకులోని సూక్ష్మజీవులు చూసుకోవలసిందే. అందుచేత నీరు పసుపుబారుతోందని ఉన్న స్కిమ్మర్‌ను తీసి దానికి రెట్టింపు ధర గలది పెట్టేముందు ఒక సంచి కార్బన్ వేసి చూడండి. కార్బన్ మీద మాకు మిగిలేది చాలా తక్కువ, స్కిమ్మర్ మీద చాలా ఎక్కువ; అయినా చెప్పవలసిన మాట ఇదే.

ఇక పెట్టె మీది లీటర్ల సంగతి. ఆ అంకె చాలా వరకు అతి తక్కువ చేపలున్న ట్యాంకుకు వర్తించేది. నిజాయితీ గల తయారీదారులు తక్కువ, మధ్యస్థ, ఎక్కువ చేపల భారాలకు మూడు వేర్వేరు అంకెలు ఇస్తారు. ఒక్క అంకే ఇచ్చారంటే అది ఆ మూడింటిలో పెద్దదేనని మేము లెక్కవేసుకుంటాము. ఇది తెలిసినవారు భద్రం కోసమని రెండింతలు, మూడింతల సైజు కొంటున్నారు, మాకు ఎక్కువగా ఎదురవుతున్న ఫిర్యాదులు అక్కడి నుంచే వస్తున్నాయి. 200 లీటర్ల ట్యాంకులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప ఉన్నాయనుకుందాము. వాటి విసర్జన, నురగ పైకెక్కే మెడ వెడల్పుగా ఉన్న పెద్ద స్కిమ్మర్‌లో నిలకడైన నురగ కట్టడానికి చాలదు. నురగ మెడ సగం వరకు ఎక్కి విరిగిపోతుంది, మడ్డి చేరవలసిన కప్పు ఎండిపోయి ఉంటుంది. యజమాని విసుగెత్తి గేట్ వాల్వ్ తిప్పి లోపలి నీటి మట్టం పెంచుతాడు. అప్పుడు కప్పు నిండుతుంది గాని, అందులో చేరేది చిక్కటి మడ్డి కాదు, లేత టీ రంగులో ఉన్న ఉప్పునీరు. ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీటిని తనంతట తానే నింపే పరికరం) ఉన్న ట్యాంకులో ఇక్కడే అసలు చిక్కు వస్తుంది: కప్పులోకి పోయిన ఉప్పునీటి స్థానంలో అది మంచినీటిని నింపుతూ పోతుంది, లవణీయత రోజురోజుకూ జారిపోతుంది, పగడాలు ముడుచుకుపోయేవరకు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మన ప్రాంతపు ట్యాంకులకు చిన్న స్కిమ్మరే సరిపోతుందని మేము అనడానికి మరో కారణం చట్టం. రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు కూడా అందులోనివే. వాటిని మేము అమ్మము, తెప్పించి ఇవ్వము, ఎవరైనా తెచ్చినా షాపులో ఉంచుకోము. సముద్రం నుంచి తీసిన పగడపు రాయిని కూడా ముట్టుకోకుండా సిరామిక్ రాళ్లే అమ్ముతున్నాము. కాబట్టి మన ఇళ్లలో ఉండేవి లెదర్, మష్రూమ్, జోయాంథిడ్ వంటి మెత్తటి పగడాల రకాలు. విదేశీ వీడియోలలో కనిపించే భారీ స్కిమ్మర్లు, నీటిలో పోషకాలు దాదాపు లేకుండా చేసి రాతి పగడాలను పెంచేవారి కోసం తయారైనవి. మన మెత్తటి పగడాలకు కొద్దిపాటి నైట్రేటు ఉంటేనే హాయి. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు దిగిన ట్యాంకులో ఇసుక మీద గోధుమరంగు జిగురులా డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు పరుచుకుంటే వాటిని వదిలించడం స్కిమ్మర్ కొనడం కంటే చాలా కష్టం.

80 లీటర్ల లోపు ట్యాంకులకు స్కిమ్మర్ అమ్మడం పూర్తిగా ఆపేస్తున్నాము. వారానికి ఒకసారి పదో వంతు నీరు మారిస్తే వాటికి చాలు.

సంప్ విషయంలో మాత్రం పట్టుబడతాము. ప్రతి స్కిమ్మర్‌కు అది నిలబడవలసిన నీటి లోతు ఒకటి నిర్ణయించి ఉంటుంది. ఉదాహరణకు 18 నుంచి 22 సెంటీమీటర్ల లోతుకు చేసినదాన్ని 28 సెంటీమీటర్ల నీటిలో పెడితే అది ఆగకుండా పొంగుతుంది. దాని కింద యాక్రిలిక్ బల్ల ఒకటి వేసి ఎత్తితే సరిపోతుంది. లోతు తక్కువైతే మాత్రం సంప్ అరల మధ్య నీటిని ఆపే అడ్డుగాజు మార్చడం తప్ప చేయగలిగింది లేదు. మన ఊళ్లో గాజు కోసేవారు సంప్ బాగానే కడతారు, కాని అడ్డుగాజు ఎత్తు వారికి మీరే చెప్పాలి. ఎండాకాలంలో ఆవిరైపోయే నీటి వల్ల మట్టం రిటర్న్ పంపు (నీటిని తిరిగి పై ట్యాంకుకు పంపేది) ఉన్న అరలో తగ్గాలి, స్కిమ్మర్ ఉన్న అరలో ఎప్పుడూ ఒకేలా ఉండాలి. అందుకే స్కిమ్మర్ ఎంచుకున్న తర్వాతే సంప్ కట్టించుకోమంటున్నాము.

గోపాల్‌పూర్ నుంచి డబ్బాలతో సముద్రపు నీరు తెచ్చుకునేవారికి ఒక్క మాట. వానాకాలంలోను, ఆ తర్వాత కొన్నాళ్లూ నదుల నీరు వచ్చి కలవడం వల్ల మన తీరంలో ఉప్పు బాగా పలచబడుతుంది. సాధారణంగా వెయ్యికి 35 పాళ్లు ఉండవలసింది 30 కి దిగువకు కూడా పోతుంది. ఆ నీటితో నింపిన ట్యాంకులో నురగ సరిగా కట్టకపోతే తప్పు స్కిమ్మర్‌ది కాదు. ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసి ఉప్పు కలిపి సరిచేయండి. మీ దగ్గర లేకపోతే సీసాలో నీరు తెస్తే మేమే చూసి చెబుతాము, దానికి డబ్బు తీసుకోము.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యమైనది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన స్కిమ్మర్లు ఈ మధ్య తరచుగా మా దగ్గరికి వస్తున్నాయి. 120 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్‌తో సర్దుకోవచ్చు గాని, అక్కడి 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ పంపు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, ఆ మేరకు గాలి తక్కువ పీలుస్తుంది. దానికి రిపేరు లేదు, పంపు మార్చాలి. 24 వోల్టుల డీసీ పంపులకు ఈ బాధ లేదు, వేగం తగ్గించుకోవచ్చు కూడా. అయితే వాటి కంట్రోలర్ మన తీరప్రాంతపు ఉప్పుగాలికి తొందరగా పాడవుతుంది కనుక దాన్ని సంప్ ఉన్న అరమరలో కాకుండా బయట గోడకు బిగించాలి.

కరెంటు పోయినప్పుడు పై ట్యాంకు నీరు కొంత సంప్‌లోకి దిగుతుంది. తిరిగి వచ్చిన క్షణంలో మట్టం ఇంకా ఎక్కువగానే ఉంటుంది, స్కిమ్మర్ ఒక్కసారిగా పొంగి కప్పులో చేరిన మడ్డినంతా మళ్లీ సంప్‌లో పోస్తుంది. పది నిమిషాలు ఆలస్యంగా ఆన్ అయ్యే ప్లగ్ ఒకటి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అక్టోబరు మన వైపు తుపానుల నెల: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటి రోజుల్లో ఇన్వర్టర్‌కు స్కిమ్మర్ తగిలించకండి. బ్యాటరీ ఉన్నంతసేపు నీటిని కదిపే చిన్న పంపు గాని, గాలి పంపు గాని నడవాలి. మేత ఆపేస్తే ఆ కొద్ది రోజులు స్కిమ్మర్ లేకపోయినా చేపలు బతుకుతాయి.

కొత్త స్కిమ్మర్ మొదటి వారం, పది రోజులు పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ప్లాస్టిక్ మీద మిగిలిన నూనె జిడ్డు పోయేవరకు నురగ కుదుటపడదు కాబట్టి ఆ లోపు తిరిగి ఇచ్చేస్తామంటే తీసుకోము. రెండు వారాల తర్వాత ఇంటికి వచ్చి మట్టం సరిచేసి వెళతాము, బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వారికి ఇది ఉచితం, దూరంవారికి వీడియో కాల్‌లో చెబుతాము. బాగా నడుస్తున్న స్కిమ్మర్ హఠాత్తుగా నురగ ఆపేసిందని ఫోన్ చేసేముందు, ఆ పూట తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో ట్యాంకులో ఏమైనా సర్దారేమో గుర్తుచేసుకోండి. కాస్తంత నూనె చాలు నురగ విరగడానికి. కొన్ని గంటల్లో అదే సర్దుకుంటుంది. మెడ లోపలి గోధుమరంగు జిడ్డును వారానికి రెండుసార్లు గుడ్డతో తుడవాలి. గాలి గొట్టం కొసన ఉప్పు గడ్డకడితే గోరువెచ్చని నీరు కొద్దిగా పీల్పించాలి. మూడు నెలలకు ఒకసారి పంపు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెడితే సూదుల చక్రానికి పట్టిన సున్నం వదులుతుంది.

ప్రస్తుతం మా దగ్గర 300 లీటర్ల ట్యాంకు వరకు సరిపోయే రెండు మోడళ్లే స్టాకులో ఉంటాయి. అంతకంటే పెద్దవి మీ సంప్ కొలతలు చూసి, సగం డబ్బు ముందుగా తీసుకున్న తర్వాతే తెప్పిస్తాము. వచ్చేటప్పుడు సంప్ పొడవు, వెడల్పు, స్కిమ్మర్ అరలో నీటి లోతు సెంటీమీటర్లలో రాసి తీసుకురండి; అరమర అడుగు నుంచి పై చెక్క వరకు ఉన్న ఎత్తు కూడా కొలవండి, కప్పు పైకి తీసి కడగడానికి ఆ ఖాళీ ఉండాలి.