3.4 కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌కు రూ.50,000 కోత: షోరూమ్ యాజమాన్యానికి ఫిర్యాదు

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: సెకండ్ హ్యాండ్ లంబోర్గిని హురకాన్ ఎల్‌పీ 610-4 స్పోర్ట్స్ కారు టెస్ట్ డ్రైవ్ జరిపిన తీరు, టోకెన్ సొమ్ములో రూ.50,000 పట్టుకోవడం, పూచీ పత్రంలోని షరతుల గురించి.

అయ్యా,

హైదరాబాద్‌లోని మీ షోరూమ్‌లో అమ్మకానికి పెట్టిన 2018 మోడల్ హురకాన్ కోసం రూ.2 లక్షలు టోకెన్ కట్టాను. మీరు చెప్పిన ధర రూ.2.35 కోట్లు. టోకెన్ కడితేనే తాళం ఇస్తామన్నారు, దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. ఊరికే ఫొటోలు దిగి పోయేవాళ్లు రోజూ వస్తుంటారని నాకు తెలుసు. కానీ ఆ తర్వాత మీరు చూపించిన టెస్ట్ డ్రైవ్ మొత్తం 3.4 కిలోమీటర్లు, 11 నిమిషాలు. అందులో సగం దూరం మీ డ్రైవరే నడిపారు. ఇంత మాత్రానికి బండి పరిస్థితి తెలియదు, కొనలేను అని చెబితే ‘టెస్ట్ డ్రైవ్, డీటెయిలింగ్ (బండి శుభ్రం చేసి మెరుగుపెట్టడం) ఖర్చులు’ పేరిట రూ.50,000 మినహాయించుకుని మిగతాది నా ఖాతాలో వేశారు. టోకెన్ రసీదులో ఈ కోత మాట ఎక్కడా లేదు. నకలు జతపరిచాను, మీరే చూడండి.

బండి కోల్డ్ స్టార్ట్ మాత్రం మీవాళ్లు సరిగా చూపించారు. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజన్‌ను నా ఎదుటే స్టార్ట్ చేశారు, ఆయిల్ కాలుతోందని చెప్పే నీలం పొగ రాలేదు, ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) కూడా తొందరగానే కుదురుకుంది. చాలాచోట్ల కొనేవాడు వచ్చేలోపే ఇంజన్ వేడి చేసి పెడతారు, మీరు అలా చేయలేదు. నా అభ్యంతరమంతా ఆ తర్వాత జరిగినదాని మీదే.

తిరిగి వచ్చి బండి ఆపేటప్పుడు మీటర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత 58 డిగ్రీలు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం అప్పటికే మామూలు స్థాయికి వచ్చింది కాబట్టి ‘బండి వేడెక్కింది సార్’ అన్నారు మీ సేల్స్ ఉద్యోగి. కూలెంట్ వేడెక్కడం వేరు, ఆయిల్ వేడెక్కడం వేరు. ఇది 5.2 లీటర్ల వీ10, డ్రై సంప్ ఇంజన్. ఆయిల్ విడి ట్యాంకులో ఉండి తిరుగుతుంది కనుక కూలెంట్ కంటే చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. దాదాపు 80 డిగ్రీలు దాటేదాకా 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మించి తొక్కకూడదని ఈ బళ్లు నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు, నేనూ తొక్కలేదు. ఈ ఇంజన్‌కు టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేదు. కాబట్టి పూర్తి 610 హార్స్‌పవర్ వచ్చేది బాగా పైన, 8,250 ఆర్‌పీఎం దగ్గర. అంటే డబ్బు పెట్టి కొనే శక్తిలో పైసగం ఎలా ఉందో నేను చూడనేలేదు. డ్రై సంప్ బళ్లలో ఆయిల్ మట్టం సరిగా తెలిసేది కూడా పూర్తిగా వేడెక్కాకే. ఆ పరీక్షా జరగలేదు.

ఇంజన్ కంటే నాకు ముఖ్యమైనది గేర్‌బాక్స్. 7 గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది, ఆయిల్‌లో తిరిగే క్లచ్ ప్లేట్లు. ఇలాంటి గేర్‌బాక్స్ చల్లగా ఉన్నప్పుడు దాదాపు ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది. అరిగిన క్లచ్ బయటపడేది ఆయిల్ వేడెక్కి, ట్రాఫిక్‌లో బండి నత్తనడక నడుస్తున్నప్పుడు. మొదటి గేర్ నుంచి రెండో గేర్‌కు మారేచోట ఒళ్లు జలదరించినట్టు అదురుతుంది. చూడవలసిన పద్ధతి ఇదీ: కనీసం 20 నిమిషాలు నడిపాక, 5 నుంచి 10 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వదులుతూ పట్టుకుంటూ కొంతసేపు పాకించాలి. ఎత్తుగా ఉన్నచోట రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించాలి. ఖాళీ రోడ్డు మీద మాన్యువల్‌లో మూడో గేరు పెట్టి, 2,000 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎం వేగంతో పాటే పెరగాలి. వేగం వెనకబడి ఆర్‌పీఎం మాత్రం ముందుకు ఉరికితే క్లచ్ జారుతోందన్న మాట. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ మీరు వీలు కల్పించలేదు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన పడుతుందే గాని, అమ్మినవాడి మీద కాదు.

టైర్ల సంగతి. ముందు 245/30, వెనక 305/30, అన్నీ 20 అంగుళాలవి. నాలుగింటి మీదా డీవోటీ (టైరు మీద అచ్చువేసే తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు 1418, అంటే 2018లో 14వ వారం తయారీ. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి. గాడుల లోతు బాగుందని మీవాళ్లు గట్టిగా చెప్పారు, లోతు నిజంగానే ఉంది. ఇన్నేళ్లకు రబ్బరు గట్టిపడిపోతుంది, ఇంత శక్తి ఉన్న బండికి అదే అసలు ప్రమాదం. 60 దాటాక స్టీరింగ్‌లో సన్నని వణుకు కూడా ఉంది. ‘నిలబెట్టిన బండి కదా, టైరు ఒకవైపు అణిగి ఉంటుంది, నడిస్తే పోతుంది’ అన్నారు. పోవచ్చు. నిలవ వల్ల వచ్చిన అణుగుడైతే 15, 20 కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కేసరికి తగ్గిపోతుంది. తగ్గకపోతే టైరు శాశ్వతంగా చెడినట్టు, లేదా రిమ్ము వంగినట్టు, లేదా బ్యాలెన్సింగ్ తప్పినట్టు. మన గుంతల రోడ్ల మీద ఇంత పలచని సైడ్‌వాల్ (టైరు పక్కగోడ)తో తిరిగే బండికి రిమ్ము వంగడం అరుదేమీ కాదు. 3.4 కిలోమీటర్లలో ఈ మూడింటినీ విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. నిలబెట్టిన బళ్లలో టైర్లు అణగకుండా గాలి ఎక్కువ పెడతారు, అది తప్పు కాదు. కానీ టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చేముందు తలుపు ఫ్రేము దగ్గర స్టిక్కర్ మీద రాసిన కొలతకు దించాలి. మీరు దించలేదు.

బ్రేకులు కార్బన్ సిరామిక్. ఇవి ఉక్కు డిస్కుల్లా గీత పడి, పలచబడి కంటికి కనిపించేలా అరగవు. వేడికి లోపలి కార్బన్ పోగులు కాలి డిస్కు బరువు తగ్గుతుంది. కనీస కొలత డిస్కు మధ్యభాగం మీదే అచ్చుకొట్టి ఉంటుంది. చక్రం విప్పి తూచి గానీ, దీనికోసమే ఉన్న పరికరంతో కొలిచి గానీ ఇచ్చిన లెక్కే నమ్మదగినది. ఆ రిపోర్టు అడిగితే ‘బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయి’ అనే మాట తప్ప కాగితం రాలేదు. నాలుగు డిస్కులు మార్చే ఖర్చుకు ఒక మంచి కారే వస్తుంది.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడతానంటే ‘వారంటీ పోతుంది’ అని ఆపారు. ఆ బండికి కంపెనీ వారంటీ మిగిలి లేదని మీ ప్రకటనలోనే ఉంది. అయినా స్కానర్‌తో కోడ్‌లు చదవడం వల్ల ఏ వారంటీ పోదు. నేను చూడదలచుకున్నది తప్పుల కోడ్‌లు ఒక్కటే కాదు. కోడ్‌లు చెరిపేసినా, బ్యాటరీ వైరు తీసి పెట్టినా కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అవి పూర్తి కాలేదని స్కానర్‌లో కనిపిస్తే, ఈమధ్యే ఎవరో చెరిపారని అర్థం. బండి నిలిచి ఉండి బ్యాటరీ దిగిపోయినా అలాగే కనిపిస్తుంది, కనుక అది ఒక్కటే మోసానికి రుజువని అనను. అందుకే మరికొన్ని పదుల కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడాలి. చూడనివ్వకపోవడమే అనుమానం పెంచింది.

ముందుభాగాన్ని పైకెత్తే లిఫ్ట్ కూడా వాడవద్దన్నారు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన కాలనీల్లో ఆ కొలత పాటించేవి ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. ఇక్కడ ఈ బండికి లిఫ్ట్ పనిచేయకపోతే రోజూ కింద గీసుకోవడమే. మూడుసార్లు ఎత్తి దించి, పంపు శబ్దం విని, గొట్టాల దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఎక్కువ దూరం నడపనివ్వకపోవడానికి మీరు చెప్పిన కారణం పెట్రోలు లేదని. తాళం ఇచ్చేటప్పటికే రిజర్వు లైటు వెలుగుతోంది. నగరంలో 95 ఆక్టేన్, 100 ఆక్టేన్ పెట్రోలు దొరికే బంకులున్నాయి. 20 లీటర్లు పోయిస్తే సరిపోయేది, అడిగితే ఆ డబ్బు నేనే ఇచ్చేవాణ్ణి. రిజర్వులో ఉన్న బండిని ఇచ్చి, దూరం వెళ్లవద్దని, ఆ కొద్ది దూరానికి రూ.50,000 పట్టుకోవడం ఏ లెక్కన సబబో దయచేసి రాతపూర్వకంగా చెప్పండి.

ఇప్పుడు కాగితాల విషయం. పాత బళ్ల డీలర్లకు సంబంధించి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2022 డిసెంబరులో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం డీలరుకు రవాణా శాఖ అధీకృత ధ్రువపత్రం ఉండాలి, బండి డీలరు చేతికి వచ్చిన సంగతి శాఖకు తెలియజేయాలి, ప్రతి ప్రయాణానికీ ఉద్దేశం, నడిపినవారు, సమయం, దూరం ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. ఈ మూడూ అడిగాను, ఒక్కటీ చూపలేదు. ఆ రోజు ప్రయాణం తాలూకు రిజిస్టరు నకలు నాకు పంపండి. 3.4 కిలోమీటర్లన్న మాట అందులోనే తేలుతుంది.

మీరు సంతకం పెట్టించుకున్న పూచీ పత్రంలో ‘కారణం ఏదైనా, బండికి కలిగే సమస్త నష్టానికి, గరిష్ఠంగా బండి పూర్తి ధర వరకు’ నడిపినవారే బాధ్యులని ఉంది. 2018 నాటి టైరు పగిలినా, నా చేతికి రాకముందే అరిగిన క్లచ్ ఆ 11 నిమిషాల్లో పోయినా బాధ్యత నాదేనా? ఇన్సూరెన్స్ పాలసీ నకలు చూపించలేదు. టెస్ట్ డ్రైవ్‌లో ప్రమాదం జరిగితే ఆ పాలసీ వర్తిస్తుందో లేదో, క్లెయిములో మన చేతి నుంచి పోయే మొత్తం ఎంతో చెప్పలేదు. నడిపినవారి తప్పు రుజువైతే ఆ మొత్తం వరకు బాధ్యత పెట్టడం న్యాయం, అంతకు మించి కాదు. ఇలాంటి ఏకపక్ష షరతులను వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(46) అన్యాయ ఒప్పందాలుగా పరిగణిస్తుంది.

నేను కోరిన టెస్ట్ డ్రైవ్ అసాధ్యమైనదేమీ కాదు. తెల్లవారి ఆరు గంటలకు, ట్రాఫిక్ లేనప్పుడు, గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రావడం. ఒక్కో వైపు సుమారు 22 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు మీ డ్రైవరు నడిపి ఆయిల్ వేడెక్కించవచ్చు, వచ్చేటప్పుడు కొనేవారు నడుపుతారు. ఔటర్ మీద గరిష్ఠ వేగం 120. అది దాటనక్కర్లేదు, ఈ పరీక్షల్లో దేనికీ అంతకు మించిన వేగం అవసరం లేదు. తిరిగొచ్చాక సర్వీసు రోడ్డు ట్రాఫిక్‌లో పది నిమిషాలు పాకిస్తే గేర్‌బాక్స్ సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత వర్క్‌షాప్ లిఫ్టు మీద ఎక్కించి కింద గీతలు, షాక్ అబ్జార్బర్ల దగ్గర ఆయిల్ కారుడు చూస్తే మొత్తం రెండున్నర గంటల పని. దీనికి ముందే రాసిపెట్టి రుసుము తీసుకుంటామంటే సంతోషంగా కడతాను.

మీ సేల్స్ ఉద్యోగి ఆద్యంతం మర్యాదగానే ఉన్నారు. పై నుంచి వచ్చిన ఆదేశాలే పాటించారు. ఆయన మీద నా ఫిర్యాదు ఏమీ లేదు, ఆయన జీతంలో ఏ కోతా పెట్టవద్దని మనవి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రూ.50,000 తిరిగి చెల్లించండి, నా సంతకంతో ఉన్న పూచీ పత్రం అసలు ప్రతి వెనక్కి ఇవ్వండి, ప్రయాణ రిజిస్టరు నకలు పంపండి. బండి ఇంకా అమ్ముడుపోకపోతే, బ్రేకు డిస్కుల కొలత రిపోర్టు చేతికిచ్చి, స్కానర్ పెట్టనిచ్చి, పైన రాసిన విధంగా నడపనిస్తే కొనే ఉద్దేశం నాకు ఇప్పటికీ ఉంది. గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ధ్రువపత్రం, రిజిస్టరు విషయం రవాణా శాఖకు విడిగా రాస్తాను.

టోకెన్ రసీదు, బ్యాంకు జమ వివరం, పూచీ పత్రం నకలు, టైర్ల డీవోటీ అంకెల ఫొటోలు, ఆయిల్ ఉష్ణోగ్రత కనిపించే మీటర్ ఫొటో ఈ ఉత్తరానికి జతపరిచాను.

ఇట్లు,
భవదీయుడు,
టోకెన్ చెల్లించిన కొనుగోలుదారు
హైదరాబాద్