మారతహళ్లి మిత్రులకు, కింది ఇంటి పిన్నిగారికి కృతజ్ఞతలు

నా తొడ మీద లేచిన సెగగడ్డ గురించి ఇప్పటికే సగం వీధికి తెలుసు కాబట్టి సిగ్గుపడకుండా రాస్తున్నా.

మొదట చిన్న కురుపే. పిండాను. అమ్మ ఫోన్లో సున్నం, బెల్లం పట్టు వెయ్యమంది, వేశాను. పోయినసారి మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రలు కూడా మింగాను. మూడో రోజుకి నిమ్మకాయంత అయింది, చలిజ్వరం.

కింది ఇంటి పిన్నిగారు కర్నూలులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. చూసి ఏమీ అనలేదు. బాల్‌పెన్ను అడిగి, ఎర్రబడిన చోటు అంచు వెంట గీత గీశారు. "ఎరుపు ఈ గీత దాటితే ఎంత రాత్రయినా నన్ను లేపు నాయనా" అన్నారు. రాత్రి పదకొండుకి రెండు వేళ్ల మేర దాటింది. ఆటో ఎక్కించి, పక్కనే కూర్చుని వచ్చారు.

డ్యూటీ డాక్టర్‌గారు మత్తు ఇచ్చి, కోసి చీము తీశారు. చీము నిండిన గడ్డలోకి మాత్రల మందు సరిగా చేరదట, అందుకే కోయడమే అసలు వైద్యం అన్నారు. చీమును కల్చర్‌కి, అంటే ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్షకి, పంపారు. మూడో రోజు రిపోర్టు: స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, అందులోనూ ఎంఆర్ఎస్ఏ. అంటే పెన్సిలిన్ జాతి మందులు చాలావాటికి లొంగని రకం. నా అమాక్సిసిలిన్ దండగే! రిపోర్టులో పనిచేస్తుందని తేలిన క్లిండామైసిన్ అనే మందుకి మార్చారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

ఈ బ్యాక్టీరియా సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనిపిస్తుందని 1880లలో ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జన్ స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడని డ్యూటీ డాక్టర్‌గారే చెప్పారు. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఇది ఊరికే ఉంటుందట, చర్మం తెగితేనే చిక్కు. అర్ధరాత్రి కూడా అంత ఓపిగ్గా చెప్పిన మనిషికి దండం పెట్టాలి.

రూమ్మేట్లకి మరీ మరీ థాంక్స్. ఒకే తువ్వాలు, ఒకే రేజర్ వాడే మన అలవాటు వల్ల మీకూ అంటుకోవచ్చని తెలిసినా నన్ను దూరం పెట్టలేదు. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికారు, రోజూ డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లారు. తువ్వాళ్లు మాత్రం ఇక వేరువేరు, నీలంది నాది.

పిన్నీ, ఆ రోజు గీత గీసిన పెన్ను మీ దగ్గరే ఉండిపోయింది. ఉంచుకోండి. ఆదివారం వస్తాను, ఈసారి కుంటకుండా.