ప్లేటులో చచ్చిన బ్యాక్టీరియా, పేపర్లో తగ్గిన క్యాన్సర్

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘క్యాన్సర్‌కు కొత్త మందు కనిపెట్టిన పరిశోధక విద్యార్థిని’ అని వార్త వేశారు. మర్నాడే మా వీధిలో ఒకాయన ఆ పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చారు. వాళ్లావిడకు కీమో నడుస్తోంది. ‘మేడమ్, ఈ మందు ఎక్కడ దొరుకుతుందో మీకేమైనా తెలుసా?’ అన్నారు. నేను ఇనార్గానిక్ కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. దొరకదని ఆయనకు చెప్పాల్సిన పని నాకు పడింది.

వార్త చివరి రెండు లైన్లలో అసలు సంగతి ఉంది. ఆ అమ్మాయి తయారుచేసింది షిఫ్ బేస్ కాపర్ కాంప్లెక్సు, అంటే షిఫ్ బేస్ అనే సేంద్రియ పదార్థం రాగిని పట్టుకుని ఏర్పడిన సమ్మేళనం. షిఫ్ బేసులు 1864లో రసాయన శాస్త్రవేత్త హ్యూగో షిఫ్ వెల్లడించిన రకం పదార్థాలు. సాలిసిలాల్డిహైడ్‌ను ఇథైలీన్‌డైఅమీన్‌తో వేడి ఆల్కహాల్లో కలిపితే నీరు పోయి, కార్బన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య జంట బంధం పడుతుంది, పసుపు పలుకులు దిగుతాయి. వాటికి కాపర్ ఎసిటేట్ కలిపితే ముదురు ఆకుపచ్చ, నికెల్ అయితే నారింజ ఎరుపు. పీజీ ల్యాబులో ఎన్నిసార్లు చేయించినా ఆ రంగులు చూడటం నాకు సరదాయే.

తర్వాత అగార్ ప్లేటులో ఈ.కోలి, స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాను పెంచి, గుంటలు చేసి, అందులో కాంప్లెక్సు పోసి, మర్నాడు చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. ఆ అమ్మాయి చేసిందీ ఇదే. క్యాన్సర్ కణం ఆ ల్యాబు గడప తొక్కనే లేదు. థీసిస్ మొదట్లో సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం క్యాన్సర్ మందు ప్రస్తావన ఉండి ఉంటుంది, అది శీర్షికలోకి ఎక్కింది. నిజమే, అమెరికా శాస్త్రవేత్త రోజెన్‌బర్గ్ 1965లో ప్లాటినం ప్రభావం మొదట గమనించింది ఈ.కోలి మీదే. కానీ అమెరికాలో దానికి మందుగా అనుమతి వచ్చింది 1978లో. మధ్యలో ఎలుకలూ మనుషులూ ఉన్నారు.

ఇంకోటి. రాగి అసలే సూక్ష్మజీవులను చంపుతుంది. మన రైతులు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి బోర్డో మిశ్రమం చల్లేది అందుకేగా! కాబట్టి అంతే రాగి ఉన్న ఉత్త కాపర్ ఎసిటేట్‌ను ఒక గుంటలో, లైగాండ్‌ను, అంటే రాగి కలపని షిఫ్ బేస్‌ను, మరో గుంటలో, కరిగించడానికి వాడిన డీఎంఎస్‌ఓను ఇంకో గుంటలో పోసి పోల్చాలి. నేను చూసిన చాలా థీసిసుల్లో ఆ మొదటి గుంట కనబడదు. దాని బదులు ‘కీలేషన్ (లైగాండ్ లోహాన్ని పట్టుకోవడం) వల్ల లోహం ధ్రువత తగ్గి, కణం కొవ్వు పొరలోంచి సులువుగా దూరుతుంది’ అని ట్వీడీ అనే శాస్త్రవేత్త చేసిన వాదం ఒక థీసిస్ నుంచి ఇంకో థీసిస్‌కు కాపీ అవుతుంది. కొవ్వులోకి నిజంగా ఎంత దిగుతోందో కొలిచినవాళ్లు తక్కువ. కాంప్లెక్సు నీళ్లలో విడిపోకుండా ఎంతసేపు నిలుస్తుంది, మామూలు మనిషి కణాలను ఏం చేస్తుంది అన్నది అసలే ఉండదు. పిల్లలను తప్పుపట్టను. సెల్‌లైన్ (ల్యాబులో పెంచే కణాల) పరీక్షకు బయటి ల్యాబుకు డబ్బు కట్టాలి, ఫెలోషిప్ ఏమో టైముకు రాదు.

ఈ షిఫ్ బేసుల కుటుంబంలో మనుషుల దాకా వచ్చినవి లేకపోలేదు. ఇసాటిన్ అనే పదార్థం నుంచి చేసిన మెథిసాజోన్ అనే మందును, లోహం లేనిదే అనుకోండి, మశూచి రోగులతో మెలిగినవాళ్లకు 1960లలో మద్రాసులో ఇచ్చి చూశారు. మొదట్లో ఎంతో ఆశపెట్టింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

మీ విలేకరులకు ఒకటే విన్నపం. ఇలాంటి వార్త రాసేముందు ఏ జీవి మీద పరీక్షించారో, ఉత్త లోహ లవణంతో పోల్చి చూశారో లేదో అడగండి. ఆ అమ్మాయి ఫొటో మళ్లీ వేయండి, కష్టపడి చేసిన పనే. శీర్షికలో మాత్రం ‘బ్యాక్టీరియా’ అనే రాయండి.

– ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, హనుమకొండ