కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: బొమ్మల గది తొలి ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ, వానాకాలానికి ముందు కాలువల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలో ఉన్నవే కాబట్టి వాటి గురించి ఇంతకంటే రాయడం లేదు. కమ్యూనిటీ హాలు పక్క గదిలో పెట్టిన బొమ్మల గదిలో అసలేం జరుగుతోందని చాలామంది అడుగుతున్నారు. ఈసారి నివేదికంతా దాని గురించే. మేడమీద ఇంకా పెద్ద గది ఖాళీగా ఉన్నా కింద గదే ఎందుకు పట్టుబట్టామో మెట్లు చూస్తే మీకే తెలుస్తుంది.

శారీరక వైకల్యమున్న పిల్లలు సొంతంగా ఆడుకునేలా బొమ్మల్ని మార్చి, కొన్నాళ్లు వాడుకుని తిరిగిచ్చేలా ఇవ్వడం ఇక్కడి పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్నవాళ్లు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్లు, ఫిజియోథెరపిస్టులు చెప్పి పంపుతున్నారు. బజార్లో కొన్న బొమ్మకు బటన్ కందిగింజంత ఉంటుంది. బిగుసుకుపోయిన వేలు దాని మీదకు చేరదు. చివరికి అమ్మో నాన్నో నొక్కుతారు, పిల్ల చూస్తుంది. అలా చూస్తూ కూర్చోవడాన్ని ఆట అనలేం.

బ్యాటరీ బొమ్మకు మేం చేసేది చిన్న మార్పే. రెండు వైపులా రాగి పూత ఉన్న పలుచని సర్క్యూట్ బోర్డు ముక్కకు చెరో వైపు ఒక తీగ అతికించి, బ్యాటరీకీ స్ప్రింగుకీ మధ్య దూరుస్తాం. తీగల రెండో కొసన 3.5 మిల్లీమీటర్ల జాక్ సాకెట్ ఉంటుంది. అరచేయంత స్విచ్ తెచ్చి అందులో గుచ్చితే చాలు. బొమ్మను ఆన్‌లో వదిలేస్తే, స్విచ్ నొక్కినప్పుడు రైలు కదులుతుంది, వదిలితే ఆగుతుంది. పొట్ట నొక్కితే పాడే కుక్కపిల్లకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు. కరెంటు అందినా అది పొట్ట మీద నొక్కు కోసమే ఎదురుచూస్తుంది. దాని కుట్లు విప్పి, లోపలి బటన్ రెండు కొసలకూ తీగలు సోల్డర్ చేసి, మళ్లీ కుట్టాలి. సోల్డరింగ్ ఇంజినీరింగ్ విద్యార్థులు చేస్తున్నారు. కుట్టుపని మాత్రం వాళ్ల వల్ల కావడం లేదు, కుక్కపిల్లల పొట్టలు చూస్తే తెలిసిపోతుంది.

ఇంతకన్నా కష్టమైన సంగతి, స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది. చెయ్యి కుదరకపోతే తల పక్కన, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర, పాదం కింద, ఎక్కడ పిల్లకు కదలిక నమ్మకంగా వస్తే అక్కడ. అది థెరపిస్టు చూసి చెప్పాలి, మనం ఊహించి పెట్టకూడదు. స్విచ్ గట్టిగా ఉంటే నొక్కే ప్రయత్నంలోనే ఒళ్లంతా బిగుసుకుంటుంది. కొందరు పిల్లలు హఠాత్తుగా వచ్చే శబ్దానికి ఉలిక్కిపడి వంకర తిరిగిపోతారు. అందుకే స్పీకరు మీద టేపు వేసి శబ్దం తగ్గిస్తున్నాం. చూడడానికి వచ్చే సభ్యులకు ఒక మనవి: పిల్ల నొక్కడానికి టైమ్ పడుతుంది. ఆగండి, టెన్షన్ పడి మీరు నొక్కేయకండి.

ఏడాది మొదట్లో ఖర్చంతా ఎలక్ట్రానిక్ బొమ్మల మీదే పెట్టాం. కుటుంబాలు ఎక్కువగా అడిగినవి మాత్రం వైకుంఠపాళి, అష్టాచమ్మా. అక్కాతమ్ముళ్లు కలిసి ఆడేవి అవే కదా. పాచికను మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వేశాం, డబ్బాను తోస్తే చాలు, పాచిక దొర్లుతుంది. పావుల అడుగున వెల్క్రో అతికించాం, చెయ్యి తగిలినా పడిపోవు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తిప్పి లక్క రంగు వేయించిన లావుపాటి పిడులు పజిల్ ముక్కలకు బిగించాం. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ ముక్క కోసి క్రేయాన్‌కు తొడిగితే పట్టు దొరుకుతుంది. వీటి ఖర్చు చాలా తక్కువ. నా అభిప్రాయంలో వచ్చే ఏడాది డబ్బులో సగం ఇటే వెళ్లాలి.

పిల్లలెక్కే బ్యాటరీ కారును కూడా ఒకదాన్ని మార్చాం. ఇది మన ఆలోచన కాదు. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఫిజికల్ థెరపీ ప్రొఫెసర్ కోల్ గాలోవే మొదలుపెట్టిన ‘గో బేబీ గో’ పద్ధతి. కాలి పెడల్ బదులు స్టీరింగు మీద పెద్ద స్విచ్, వీపుకు ఆసరాగా పీవీసీ పైపుల చట్రం. తానే నడుపుకుంటూ వెళ్లిన పిల్లవాడు గేటు దగ్గర ఆగనంటే ఆగనన్నాడు. తిరిగి రప్పించడానికి వాచ్‌మన్ గారు బతిమాలాల్సి వచ్చింది.

భద్రత విషయంలో రాజీ లేదు. బటన్ బ్యాటరీ (నాణెంలాంటి చిన్న బ్యాటరీ) ఉన్న బొమ్మను తీసుకోం. మింగితే అది కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. ప్లగ్గుకు పెట్టి నడిపే బొమ్మల జోలికీ వెళ్లం. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయితే మనం విప్పి మార్చిన భాగానికి ఆ గుర్తు పూచీ ఇవ్వదు. అందుకే వాడే తీరు తల్లిదండ్రులకు చూపించి, సంతకం తీసుకున్నాకే ఇంటికి పంపుతున్నాం. దసరాకి ఇల్లు దులిపినప్పుడు దొరికిన విరిగిన బొమ్మలు కొందరు సంచులతో తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు. దయచేసి వద్దు, వాటిని పారేయడానికే ఒక ఆదివారం పోతోంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి సర్వసభ్య సమావేశంలో ప్రవేశపెడతారు. అక్కడ తేల్చాల్సినవి రెండు: బొమ్మను ఎన్నాళ్లకు తిరిగివ్వాలి, పాడైతే ఎవరు భరించాలి. డిపాజిట్ పెడదామని కొందరు సభ్యులు అంటున్నారు. నేను వద్దంటాను, డిపాజిట్ కట్టలేని ఇళ్లే బొమ్మ అడగడం మానేస్తాయి. కుట్టుమిషన్ వచ్చిన సభ్యులు ఉంటే ఆదివారం ఉదయం రండి. విప్పిన కుక్కపిల్లలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి